కారం తినని పిన్నిగారి మిరపమొక్కలు

ఈ ఉదయం పక్కింట్లో ఎవరో ఊరమిరపకాయలు వేయిస్తున్నారు. ఆ ఘాటు ముక్కుకు తగలగానే దగ్గొచ్చింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మావారు లేచి కిటికీ వేయబోతే వద్దన్నాను. రత్నం పిన్నిగారు పోయినప్పుడు నాకు కన్నీరు రాలేదు. ఇవాళ మిరపకాయల మీద నెపం పెట్టి కాసేపు కుదురుగా ఏడ్చాను.

వట్లూరులో మేము అద్దెకున్న ఇల్లు ఆవిడదే. పుట్టింది మండవల్లిలో. తాడేపల్లిగూడెం టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. కింద వాటాలో ఆవిడ ఒక్కరే, పై వాటాలో మేమిద్దరం. నేను ఒక కాలేజీలో తెలుగు పాఠం చెప్పేదాన్ని. ఆ ఇంట్లో దిగిన ఏడాదే నాకు థైరాయిడ్ ఆపరేషన్ అయింది. తరువాత మాట పోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప శబ్దం రాదు. గొంతు నరం నీరసించింది, ఆరు నెలలు ఓపిక పట్టాలి అన్నారు డాక్టరుగారు. మావారు పొద్దున్నే తణుకులో ఉద్యోగానికి వెళ్ళిపోయేవారు. ఎవరైనా పలకరిస్తే కాగితం మీద రాసి చూపాలి కదా అని, ఎవరి కంటా పడకుండా రోజంతా డాబా మీద పిట్టగోడకు ఆనుకుని కూర్చునేదాన్ని.

డాబా మీద ఓ వారగా పిన్నిగారి మిరపమొక్కలు ఉండేవి. ఒకరోజు ఆవిడ మట్టి నింపిన పాత రంగు డబ్బా, ఒక ఎండుమిరపకాయ తెచ్చి నా ముందు పెట్టారు.

“పంతులమ్మగారూ, ఇందులో గింజలు రాల్చి పోయండి. మొలిస్తే మీవి, మొలవకపోతే నావి.”

నాకు మొక్కల పెంపకం చేతకాదని రాసి చూపించాను. ఆవిడ చదివి నవ్వారు. “నాకు కారం పడదండీ, కడుపులో పుండు. అయినా పెంచుతున్నానా లేదా? వాసన చూడొద్దని ఏ డాక్టరూ అనలేదు కదండీ!”

పదకొండు మొలిచాయి. మురిసిపోయి రెండు పూటలా నీళ్ళు పోశాను. వారం తిరిగేసరికి మొదళ్ళు మెత్తబడి అన్నీ వాలిపోయాయి. పిన్నిగారు మట్టిలో వేలు గుచ్చి చూశారు. “ఇలా వేలు పెట్టి చూడాలండి. తడి తగిలితే ఆ పూటకి నీళ్ళు వద్దు. మీరు ప్రేమ కొద్దీ ముంచేశారు,” అని మరో మిరపకాయ చేతిలో పెట్టారు. రెండోసారి ఆరు మొక్కలు నిలిచాయి.

సాయంత్రాలు ఆవిడ వచ్చి నా పక్కన కూర్చునేవారు. అందరిలాగా నా మౌనాన్ని కబుర్లతో నింపాలని చూసేవారు కాదు. నాతో కూర్చుంటే విసుగు లేదా అని ఒకసారి రాసి అడిగాను. “ఎక్స్ఛేంజిలో ముప్పయ్యేళ్ళు చేశానండి. అవతలివాళ్ళు నోరు విప్పకపోయినా, లైన్లో ఉన్నారో లేదో ఊపిరిని బట్టి తెలిసిపోయేది. మీరున్నారండి,” అన్నారు.

అయిదో నెలలో కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది. నా స్థానంలో వేరొకరిని తీసుకున్నారట. ఆ వారమే మొక్కలకు ఆకుముడత పట్టింది. వేపనూనె చల్లినా చిగుళ్ళు పిడికిళ్ళలా ముడుచుకుపోతూనే ఉన్నాయి. ఉత్తరం చదివి డాబా మీదికి వెళ్ళి, ఆరింటినీ పీకి మూలకు విసిరేశాను. బట్టలు తీయడానికి వచ్చిన పిన్నిగారు వాటిని చూసి కింద కూలబడ్డారు.

“ఎందుకు పీకేశావమ్మాయ్?”

నన్ను నువ్వు అనడం అదే మొదటిసారి. ఉత్తరం ఇచ్చాను. చదివి మడతపెట్టారు. వేళ్ళకు ఇంకా మట్టి ఉన్న మొక్కనొకదాన్ని ఏరి, ముడతపడిన తలంతా కత్తెరతో కత్తిరించి, మళ్ళీ డబ్బాలో నాటి, నీళ్ళ ట్యాంకు నీడన పెట్టారు. “పది రోజులు చూద్దాం. నువ్వేం చెయ్యకు. రోజూ వచ్చి చూడు, అంతే.”

పదో రోజుకూ అది పుల్లలాగే ఉంది. పోయిందని రాశాను. “లెక్కల్లో నేను పూర్ అండీ. ఇంకో వారం చూద్దాం,” అన్నారు తాపీగా.

పద్నాలుగో రోజున కణుపు దగ్గర ఆవగింజంత పచ్చదనం కనిపించింది. కింద పిన్నిగారు బియ్యం చెరుగుతున్నారు. నేను పిట్టగోడ మీంచి వంగి, నా సంగతే మరిచిపోయి, “పిన్నిగారూ! చిగురు!” అన్నాను. తుప్పు పట్టిన మడతబందు కిర్రుమన్నట్టుంది ఆ గొంతు. ఆవిడ చేట పక్కన పెట్టి తలెత్తారు.

“లైన్ కలిసిందండీ!” అని అరిచి, మోకాళ్ళ నొప్పులు కూడా మరిచి మెట్లెక్కి వచ్చారు.

ఆ మొక్క కాసిన మొదటి కాయను పిన్నిగారు తుంచి ముక్కు దగ్గర పెట్టుకుని, గట్టిగా తుమ్మి, చిన్నపిల్లలా నవ్వారు. నా గొంతు మాత్రం సగమే తిరిగొచ్చింది. పెద్ద క్లాసులో వెనక బెంచీ దాకా వినపడదు. అందుకని వేరే ఊళ్ళో ఒక చిన్న బడిలో చేరాను. మొదటిరోజే పిల్లలతో, “నా గొంతు ఇంతే, కాస్త దగ్గరికి జరగండి,” అన్నాను. జరిగారు. పిన్నిగారు కిందటి వర్షాకాలంలో ఏలూరు ఆసుపత్రిలో గుండెపోటుతో పోయారు. కబురంది నేను వెళ్ళేసరికే అంతా అయిపోయింది.

మా బడిలో ఏడో తరగతి అమ్మాయి ఒకతె ఉంది. తండ్రి పోయిన దగ్గర్నుంచి ఎవరితోనూ పలకదు. మధ్యాహ్నం అన్నం డబ్బా తీసుకుని ఆ పిల్ల పక్కన కూర్చుంటున్నాను. ఏమీ అడగను. ఇద్దరం తినేసి చేతులు కడుక్కుంటాం. నిన్న హెడ్మిస్ట్రెస్ గారు ఆపి అడిగారు.

“నెల కావస్తోంది, ఏమైనా మాట్లాడిందాండీ?”

“లేదండి. ఇవాళ నా డబ్బాలోంచి ఒక కూర ముక్క తీసుకుంది,” అన్నాను.