అడ్వటైజ్ వచ్చేదాకా

సూరత్‌లో పర్వత్ పాటియా అనే పేటలో చీరల గోదాముల వెనక సందులో ఉండే రాజనర్సు టీవీ సీరియల్‌ను తిట్టని రోజు లేదు. చూడని రోజూ లేదు. ఈ రెండూ ఒకే మనిషి ఎలా చేస్తాడని ఆశ్చర్యపోకండి. తాగి వచ్చి తాగుబోతులను తిట్టేవాళ్లను మీరు చూడలేదా ఏమిటి?

మీసాలు సరిగా రాని వయసులో సిరిసిల్ల దిక్కు నుంచి సూరత్ వచ్చి, ఖటోదరాలో సాంచలు నడపడానికి చేరాడు. సాంచలంటే మరమగ్గాలు. ఆ షెడ్డులోకి ఒక్కసారి వెళ్లి వస్తే మీకు సాయంత్రం దాకా చెవుల్లో టకటక మోగుతుంది. రాజనర్సు జీవితమంతా అక్కడే గడిపాడు, కాబట్టి చెవులు సగం పోయాయి. ఆ పోయిన సగానికి బదులుగా కళ్లు వచ్చాయి. సాంచల మనుషులు మాట వినరు, పెదవులు చూసి అందుకుంటారు. రాజనర్సు అందులో ఘటికుడు. రోడ్డుకు ఇవతల నిలబడి, అవతల సేటు ఫోన్లో ఎవరి అమ్మను తిడుతున్నాడో పూసగుచ్చినట్టు చెప్పేవాడు.

భార్య సంధ్యారాణిది ఇంట్లోనే పని. ఎదురింటి ఎల్లవ్వా, సందులోని మరో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లూ వచ్చి కూర్చుంటారు. అందరూ కలిసి చీరల మీద గమ్ముతో మెరుపు రాళ్లు అంటిస్తారు. మధ్యాహ్నం కాగానే టీవీలో 'తెల్లకోటు' మొదలవుతుంది. ఆసుపత్రి సీరియల్. అందులో ఎవరికైనా ఊపిరి ఆగిందంటే ఇక్కడ అందరి చేతులూ ఆగిపోతాయి. చీర మీది నెమలి కన్నులో పడాల్సిన రాయి నెమలి ముక్కు మీద పడుతుంది. సూరత్ చీర కట్టుకున్న మీ ఇంటి ఆడవాళ్ల కొంగు మీద నెమలికి ఎప్పుడైనా ముక్కుపుడక కనిపిస్తే, ఆ రోజు 'తెల్లకోటు'లో ఎవరికో ప్రాణం మీదికి వచ్చిందని అర్థం.

రాత్రి పాళీ వారాల్లో రాజనర్సు పగటిపూట పడుకోవాలి. ఉన్నది ఒకటే గది. దుప్పటి ముసుగులోంచి అరిచేవాడు.

"ఏందే ఈ ఏడుపు? ఎవలు సచ్చిన్రు?"

"ఎవలు సావలే. సస్తదా బతుకుతదా అనే సూస్తున్నం. నువ్వు పండుకో," అనేది సంధ్యారాణి.

"పనీ పాట లేని ముండ్లపొద సీరియలు! గా డాక్టర్లు మందు రాస్తున్నరా, పెండ్లిచూపులు సూస్తున్నరా?"

కొన్నాళ్లకు దుప్పటి ముసుగులోంచి మరో రకం అరుపు వచ్చింది. "గా పిల్ల గప్పుడే లేశి కూసున్నదేంది? నిన్ననే గద కడుపు కోసిన్రు!"

ఎల్లవ్వ చేతిలోని గమ్ము పక్కన పెట్టి దుప్పటి వైపు చూసింది. "నిన్న కడుపు కోసిన సంగతి నీకెట్ల ఎరుక నర్సూ? నిద్రల గూడ సూస్తున్నవా?"

దొంగ దొరికాడు. ఇక ముసుగెందుకు? మర్నాటి నుంచి గోడకు ఒరిగి, కాళ్లు బారజాపి, ఆడవాళ్లతో సమానంగా కూర్చుని చూశాడు. తిట్టడం మాత్రం మానలేదు. పరువు ఒకటి ఏడ్చింది కదా.

ఇక్కడే అసలు తంటా వచ్చింది. వార్డులో మాట్లాడినంతసేపూ పెదవులు చూసి రాజనర్సు అంతా అందుకునేవాడు. ఆపరేషన్ గదిలోకి వెళ్లగానే డాక్టర్లు మూతికి గుడ్డ కట్టుకుంటారు. కథంతా అక్కడే జరుగుతుంది మరి! మనిషి ఛాతీ తెరిచి పెట్టి, దాని మీదుగానే డాక్టర్ అర్జున్, డాక్టర్ విజేత తమ పాత ప్రేమ సంగతి తేల్చుకుంటారు. రాజనర్సుకు కళ్లు తప్ప ఏమీ కనిపించవు. "ఏమన్నడు? ఆమె ఏమన్నది? కత్తెర అడిగిండా, క్షమాపణ అడిగిండా?" అని ప్రాణం తోడేసేవాడు. అతనికి చెప్పేలోపు ఆడవాళ్లకు రెండు మాటలు పోయేవి. ఒకనాడు ఓపిక నశించిన సంధ్యారాణి ఇంటికో కాయిదా, అంటే కట్టుబాటు, పెట్టింది. అడ్వటైజ్ వచ్చేదాకా ఎవరూ నోరిప్పకూడదు. ఏమున్నా అడ్వటైజ్ లోనే. ఎల్లవ్వ మనవరాలు తలుపు సందులో వేలు పెట్టుకుంటే కూడా సబ్బు ప్రకటన వచ్చాకే ఏడ్చిందని చెబుతారు. అంత నిష్ఠ ఆ గదిలో.

ఇంతకూ రాజనర్సుకు అందులో ఏం దొరికింది? ఆడవాళ్లయితే కోడళ్ల కష్టాల కోసం చూస్తారని అతని నమ్మకం. తనేమో డాక్టర్ అర్జున్ స్టూలు కోసం చూసేవాడు. నవ్వకండి. ఆ డాక్టరు వార్డులోకి రాగానే స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుంటాడు. రోగి ముఖంలోకి చూస్తాడు. "ఎక్కడ నొప్పి?" అని అడుగుతాడు. అడిగి ఊరుకుంటాడు! రోగి తాపీగా తన చిన్నతనం నుంచి మొదలుపెట్టినా కదలడు. రాజనర్సు ఎరిగిన డాక్టర్లు అతను కూర్చునేలోపే చీటీ రాసి, లేచేలోపే తరువాతి వాడిని పిలిచేవాళ్లు. సాంచల షెడ్డులో కడుపునొప్పి వస్తే కడుపు మీద చెయ్యి పెట్టి చూపించాలి, సూపర్వైజరు దూరం నుంచే వేలు అడ్డంగా ఊపుతాడు. అయిపోయింది వైద్యం. అతని బతుకులో ఎక్కడ నొప్పి అని అడిగి జవాబు కోసం ఆగిన మనిషి ఆ టీవీలోని డాక్టరొక్కడే. వాడు కూడా డబ్బులు తీసుకుని నటిస్తున్నవాడే. అయితే ఏం, అడిగాడు కదా!

ఒక మధ్యాహ్నం సీరియల్‌లో కోమలి అనే టీచరమ్మకు గుండె ఆపరేషన్. వారాల తరబడి ఆమె గుండె తెరిచే ఉంది, పెదవుల రంగు మాత్రం చెదరలేదు. ఆ రోజు డాక్టర్ అర్జున్ బయటికి వచ్చి, మూతిగుడ్డ తీసి, ఏ సంగతో చెప్పేస్తాడని సందంతా ఎదురుచూసింది. ఆ సీరియల్‌లో మూతిగుడ్డ తీయడమంటే మాటలు కాదు. తీస్తే చావో బతుకో తేలిపోవాలి.

కోమలి భర్త గోడకు తల కొట్టుకుంటుండగా రాజనర్సు ఛాతీలో బరువు మొదలైంది. ఎవరో తాకాల మూట, అదే గుడ్డ తానుల మూట, ఎత్తి పెట్టినట్టు అనిపించింది. నొప్పి దవడలోకి పాకింది, ఎడమచెయ్యి గుంజింది, బనియను తడిసిపోయింది. అతను భార్య వైపు చూశాడు. ఆమె తెర వైపు చూస్తోంది. అతను నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాడు. కాయిదా కాయిదానే. నిజం చెప్పాలంటే కాయిదా సగమే కారణం. డాక్టరు ఏం చెబుతాడోనన్న కుతి మిగతా సగం.

సబ్బు ప్రకటన వచ్చింది. "సంధ్యా, ఛాతీల జర బరువున్నది," అన్నాడు.

సంధ్యారాణి అతన్ని ఎగాదిగా చూసింది. ఇన్నేళ్లు సీరియల్ చూసిన అనుభవం ఊరికే పోతుందా! "గుండెనొప్పి అనుకుంటున్నవా? గుండెనొప్పి గిట్లుండది. గిట్ల రెండు చేతులతోని పట్టుకోని, ఒక్క కేకేశి పడుతరు. గోడకు ఒరిగి చెప్తరా ఎవలన్న? గ్యాసు."

"వాము నములు నర్సూ," అని ఎల్లవ్వ చీటీ రాయని మందు చెప్పింది.

ప్రకటనలు అయిపోయాయి. రాజనర్సు వాము నములుతూ కూర్చున్నాడు. డాక్టర్ అర్జున్ తలుపు తోసుకుని వచ్చి, చెయ్యి మూతిగుడ్డ దగ్గరికి తీసుకుపోయాడు. అక్కడ ఆపేశారు. మిగతాది రేపట. "థూ, మీ సీరియల్ మీద..." అని లేవబోయి రాజనర్సు కూలిపోయాడు. పడేటప్పుడు ఛాతీ పట్టుకోలేదు, కేక వేయలేదు. గోడ పట్టుకోబోయి టీవీ తీగ పట్టుకున్నాడు.

పెద్దాసుపత్రికి ఆటోలో తీసుకుపోయారు. ఊరికి ఆ చివర ఉన్ అనే పేటలో ఉండే కొడుకు నరేశ్ పరుగున వచ్చాడు. అదృష్టం కొద్దీ డ్యూటీలో ఉన్నది గుంటూరు వైపు నుంచి వచ్చిన కుర్ర డాక్టరు, కిరీటి. అతను మూతిగుడ్డలోంచి ఏదో అడిగాడు. రాజనర్సుకు అందలేదు. మళ్లీ అడిగాడు. "పెదవులు చూస్తే గాని నాయినకు తెల్వది సర్," అన్నాడు నరేశ్. కిరీటి చేత్తో గుడ్డ కిందికి లాగాడు.

అంతే! గుడ్డ తీయడం చూసి సంధ్యారాణి నేల మీద కూలబడి, గుండెలు బాదుకుంటూ శోకాలు మొదలుపెట్టింది. మంచం మీద రాజనర్సు తాను పోయాననే అనుకుని కళ్లు మూసుకున్నాడు. నర్సులు ఎవరు పోయారోనని పక్క మంచాలు చూశారు.

"అమ్మా, ఊరుకోండి! నొప్పి ఎప్పుడు మొదలైందని అడుగుతున్నానంతే," అన్నాడు కిరీటి.

రాజనర్సు ఒక కన్ను తెరిచాడు. "కోమలి పెనిమిటి గోడకు తల కొట్టుకునేటప్పుడు సార్."

"కోమలి ఎవరు? మీ అమ్మాయా? ఆమెకేమైంది?"

"గుండెకు తూటు."

కిరీటి కాగితం మీద కుటుంబంలో గుండెజబ్బు ఉందని రాసుకున్నాడు. నరేశ్ సిగ్గుతో చచ్చి, కోమలి ఎవరో విడమరిచి చెప్పాల్సి వచ్చింది.

డాక్టరుకు నవ్వు రాలేదు. "అంటే ప్రకటన వచ్చేదాకా నొప్పి పెట్టుకుని కూర్చున్నారా? తర్వాత సీరియల్ అయ్యేదాకా కూడానా?"

"మా ఇంట్ల గదే కాయిదా సార్."

"మీ కాయిదా మీ గుండెకు తెలియదు కదండీ! అప్పుడే వచ్చుంటే ఇంత కండ చచ్చేది కాదు."

స్టెంట్ వేశారు. ప్రాణం నిలిచింది, చచ్చిన కండ చచ్చినట్టే ఉండిపోయింది. ఇక సాంచల దగ్గర నిలబడే పని లేదన్నారు. వార్డులో ఉన్న ఒక్క స్టూలు మీద పక్క మంచం వాళ్ల టిఫిన్ డబ్బా కూర్చుంది, కాబట్టి కిరీటి నిలబడే మాట్లాడాడు, అదీ సగం తరువాతి మంచం వైపు నడుస్తూ. అయినా ఒక్క మాటకు మాత్రం వెనక్కి తిరిగి, గుడ్డ కిందికి లాగి అడిగాడు.

"మళ్లీ నొప్పి వస్తే చెబుతారా?"

"చెప్త సార్."

"ఎప్పుడు?"

"గప్పుడే," అన్నాడు రాజనర్సు, ఆస్తి రాసిచ్చినంత కష్టంగా.

ఇంటికి వచ్చాక చేయడానికి మిగిలింది సీరియల్ చూడటమే. అతను ఆసుపత్రిలో ఉండగా కోమలి బతికిందట, కానీ జ్ఞాపకం పోయిందట. సంధ్యారాణి పాత కాయిదా ఎత్తేసింది. రిమోట్ తెచ్చి అతని ఒళ్లో పడేసింది. "నొస్తే బందు చెయ్యి. నోరు తెరువకున్నా సరే," అంది. ఆ సందులో ఆడది తన చేతిలోని రిమోట్ మగవాడికి ఇవ్వడం అదే మొదటిసారి.

కోమలికి జ్ఞాపకం వచ్చే రోజు రానే వచ్చింది. గది నిండా జనం. డాక్టర్ అర్జున్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "నేను గుర్తున్నానా?" అన్నాడు. కోమలి పెదవులు కదలబోయాయి. సరిగ్గా అప్పుడే రాజనర్సు ఛాతీలో ఏదో పట్టేసింది.

అతను కోమలి పెదవుల వైపు చూశాడు. ఆ పెదవులు చూడటానికి ఎన్ని వారాలు ఎదురుచూశాడో అతనికే తెలుసు. చచ్చేంత కోపం వచ్చింది, డాక్టర్ కిరీటి మీద, తన మాట మీద, ఈ పాడు గుండె మీద. బొత్తం నొక్కాడు. తెర నల్లబడింది.

"అయ్యో అయ్యయ్యో!" అని గదంతా ఒక్కసారి గోలపెట్టింది. తరువాత అందరూ అతని ముఖం చూసి నోళ్లు మూసుకున్నారు. సంధ్యారాణి చీర అవతలికి నెట్టి, పాక్కుంటూ వచ్చి, తన పెదవులు అతనికి కనిపించేలా ఎదురుగా కూర్చుంది.

"ఏడ నొస్తుంది?"

అడిగి ఊరుకుంది. అతను చెప్పేదాకా రెప్ప వేయలేదు. రాజనర్సుకు ఏడుపు వచ్చింది. నొప్పికి కాదు. ఛాతీ కింద వేలు పెట్టి చూపించాడు.

ఆసుపత్రిలో ఈసీజీ తీసి, కిరీటి గుడ్డ కిందికి లాగాడు. ఈసారి సంధ్యారాణి కూలబడలేదు, గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది.

"గ్యాస్," అన్నాడు కిరీటి. "కానీ మంచి పని చేశారు."

ఇద్దరూ ఆటోలో తిరిగి వస్తున్నారు. ఒక మనిషి బతికి వస్తే ఉండాల్సిన సంతోషం ఉంది గానీ, లోపల ఎక్కడో ముల్లు గుచ్చుతోంది. ఆఖరికి సంధ్యారాణే ఎల్లవ్వకు ఫోన్ చేసింది. గ్యాసేనని చెప్పి, ఒక్క క్షణం ఆగి, "అత్తా, కోమలి ఏమన్నది?" అని అడిగింది. రాజనర్సు సిగ్గు విడిచి ఆమె పెదవుల మీదికి వంగాడు.

"ఎవలు సూడలేదట," అంది సంధ్యారాణి ఫోన్ దించి. "టీవీ మల్ల పెట్టనే లేదట. అందరు గల్లీ మొగదల్లనె నిలవడి సూస్తున్నరట."

"ఎవలి కోసం?"

"నీ కోసమే, ఇంకెవలి కోసం?"

రాజనర్సు గొంతు సవరించుకున్నాడు.

"పొద్దుగాల గదే సీరియల్ మల్లేస్తరు. అందరిని రమ్మను."