అంకెలు చదివే గొంతు

ఎనభైల చివర్లో మా ఆఫీసుకు కంప్యూటర్ వచ్చింది. దానికోసం ఒక గది ఖాళీ చేసి, కిటికీలు మూసి, ఏసీ బిగించి, నేల మీద తివాచీ పరిచారు. గుమ్మం ముందర చెప్పులు విడిచి లోపలికి పోవాలి. మనుషులం పనిచేసే గదిలో ఫ్యాన్ తిరగక ఏడాది అయిందని ఎన్నిసార్లు మొత్తుకున్నా వినని ఆఫీసు, ఆ డబ్బాకు చెమట పట్టకూడదని అంత హైరానా పడటం చూసి నాకు ఒళ్లు మండింది. ఇంతలో దాని మీద పటాలు గీయడానికి ఏ ప్రోగ్రాం కొనాలో తేల్చే పని నా నెత్తినే వచ్చి పడింది.

అది భూపాలపల్లి. బొగ్గు గనులు మొదలై, అడవి అంచున క్వార్టర్లు వరసగా లేస్తున్న రోజులు. నేను సర్వే విభాగంలో పటాలు గీసేదాన్ని. భూమి లోపల ఏ దారి ఎటు పోతోంది, ఎక్కడ ఆగింది, పైన ఏ చెరువు కింద ఎంత దూరంలో తవ్వుతున్నారు, ఇవన్నీ కాగితం మీద తప్పు లేకుండా చూపించాలి. ఆఫీసు మొత్తంలో ఈ పని చేసే ఆడమనిషిని నేనొక్కదాన్నే.

ఈ గీతల పిచ్చి నాకు జనగామలో పట్టింది. మాది షావుకార్ల ఇల్లు. ముందర కిరాణా దుకాణం, వెనక ఇల్లు. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వచ్చి కాలేజీలు మూతబడ్డప్పుడు, మగపిల్లలంతా రోడ్ల మీద ఉంటే నన్ను బెల్లం బస్తాల గదిలో కూర్చోబెట్టారు. మా అన్నల దోస్తులు గుడ్డలు తెచ్చి, "చెల్లె, జర అక్షరాలు రాసియ్యవా, నీ చెయ్యి మంచిగుంటది" అని అడిగేవాళ్లు. నీలిమందు కలిపి పెద్ద పెద్ద అక్షరాలు రాసిచ్చేదాన్ని. ఊరేగింపుకు నా అక్షరాలు పోయేవి కానీ నన్ను పోనిచ్చేవాళ్లు కాదు. కిటికీలోంచి చూస్తూ, ఒక అక్షరం పక్కకు ఒరిగిందని నాలో నేనే నొచ్చుకునేదాన్ని. ఆ ఏడాది చదువు ఎలాగూ పోయింది. తర్వాత ఇంట్లో అందరితో కొట్లాడి, పటాలు గీసే కోర్సు చదివి, మానుకోటలో రోడ్ల ఆఫీసులో చేరాను. దాన్ని కాగితాల మీద మహబూబాబాద్ అంటారు, మేం మాత్రం మానుకోటే అంటాం. అక్కడి నుంచి ఇక్కడికి వచ్చాను. పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదో అడిగినవాళ్లందరికీ ఒక్కో కారణం చెప్పి చెప్పి విసుగొచ్చింది, ఇక్కడ చెప్పను.

మా డ్రాయింగ్ గదిలో నాతో పాటు కోస్తా నుంచి వచ్చిన ఇద్దరు ఉండేవాళ్లు. చెడ్డవాళ్లు కాదు. కానీ నేను "గిట్ల" అంటే ఒకరు, "ఏంది" అంటే ఒకరు సినిమాల్లో నవ్వులాటకు పెట్టే మనిషిని గుర్తు చేసుకుని నవ్వేవాళ్లు. మొదట్లో జవాబు చెప్పేదాన్ని. తర్వాత నా ఇంటి మాట దాచుకుని పుస్తకాల తెలుగు మాట్లాడి చూశాను. దానికి ఇంకా ఎక్కువ నవ్వారు. చివరికి మాట్లాడటమే మానేశాను. పొద్దున పాలు పోసే ఆమెతో నాలుగు మాటలు, దుకాణంలో రెండు మాటలు. క్వార్టర్లో సాయంత్రాలు రేడియో మాట్లాడేది, నేను వినేదాన్ని. ఒంటరితనం అంటే అదేదో పెద్ద విషయమనుకుంటారు. నా మటుకు నాకు అది నోరు ఎండిపోవడం, అంతే.

ఆ ఎండకు ఒక్క నీడ ఉండేది. మా పనికి ఇద్దరు మనుషులు కావాలి. సర్వే వాళ్లు గనిలో కొలిచిన దూరాలు, కోణాలు పుస్తకంలో రాసుకుని వస్తారు. ఒకరు పక్కన కూర్చుని ఆ అంకెలు పైకి చదవాలి, ఇంకొకరు స్కేలు పట్టుకుని కాగితం మీద చుక్క పెట్టాలి. పుస్తకం చూసి, తల తిప్పి, స్కేలు చూసి, మళ్లీ తల తిప్పితే చుక్క తప్పుతుంది. అందుకని నాకు చదివి పెట్టడానికి ఒకాయన ఉండేవాడు. కాటారం పక్క ఊరివాడు. మొదట్లో సర్వే గొలుసు పట్టుకుని గనిలో తిరిగేవాడు. మోకాలు దెబ్బతిన్నాక లోపలి పని ఇచ్చారు. ఆయన నన్ను అక్కా అనేవాడు, నేను ఆయన్ని అన్నా అనేదాన్ని. ఇద్దరిలో ఎవరు పెద్దో ఎన్నడూ తేల్చుకోలేదు.

పొద్దున కాటారం బస్సు వచ్చేదాకా నా పని మొదలయ్యేది కాదు. ఆయన వచ్చి, తువ్వాలతో మొహం తుడుచుకుని, స్టూలు మీద కూర్చుని అందుకునేవాడు.

"నలపై రెండు పాయింట్ ఆరు. ఇయ్యాల బస్సుల నిలవడేతందుకు సుత జాగ లేదక్కా. పద్దెనిమిది పాయింట్ మూడు. మా బర్రె ఈనింది, దుడ్డె. ఎడమకు తొమ్మిదిన్నర. మా ఇంటిది జున్ను పంపుతనన్నది గని నేనే మర్సిన. ఇరవై ఒకటి పాయింట్ సున్న."

ఏది అంకెయో ఏది కబురో నాకు గొంతును బట్టి తెలిసేది. అంకెలు చదివేటప్పుడు బడిపిల్లాడిలా నిటారుగా కూర్చునేవాడు, కబురు చెప్పేటప్పుడు కొంచెం వంగేవాడు. నేను చుక్క పెట్టి "ఊఁ" అంటే తర్వాతి అంకె వచ్చేది. నడుమ నేనూ అడిగేదాన్ని. "దుడ్డెకు ఏం పేరు వెట్టినవే అన్నా?" అని. ఆ గదిలో నేను నా మాట మాట్లాడింది ఆయనతోనే. అవతలివాళ్లు నవ్వినా ఇద్దరం ఉన్నాం కాబట్టి నాకు లెక్క ఉండేది కాదు.

ఇక ప్రోగ్రాం సంగతి. హైదరాబాద్ నుంచి టై కట్టుకున్న ఒకాయన రెండు రకాలు పట్టుకొచ్చాడు. రెండూ నల్లటి పల్చటి ఫ్లాపీల్లో ఉన్నాయి. వారం రోజులు వాడి చూడండి, ఏది నచ్చితే అది కొనండి అన్నాడు. మా పెద్ద ఆఫీసరు నన్ను పిలిచి, "గీసేది మీరు కదమ్మా, మీరే చూసి ఏది కావాలో చెప్పండి" అన్నాడు. డ్రాయింగ్ గదిలో మిగిలిన ఇద్దరూ, కంప్యూటర్ దగ్గరికి పోతే ఉన్న ఉద్యోగం పోతుందని భయపడి, ఆ పక్కకే రాలేదు. చెప్పులు విడిచి నేనూ అన్నా లోపలికి పోయాం.

మొదటి ప్రోగ్రాంతో పాటు పీటంత పలక ఒకటి ఇచ్చారు. పాత పటాన్ని దాని మీద పరిచి, చేతిలో ఇమిడే డబ్బీ లాంటిదాన్ని గీతల వెంట జరుపుతూ బటన్ నొక్కుకుంటూ పోతే చాలు. ఆ గీతలు తెర మీదికి వచ్చేస్తాయి. అంకెలతో పనే లేదు. నేను జరుపుతూ నొక్కుతూ ఉంటే, రోజంతా పట్టే పని అన్నం వేళకు ముందే అయిపోయింది. తల ఎత్తి చూస్తే అన్న స్టూలు మీద, ఏసీ చలికి తువ్వాల భుజాల చుట్టూ కప్పుకుని, పుస్తకం ఒళ్లో మూసి పెట్టుకుని కూర్చున్నాడు. పొద్దటి నుంచీ ఆయన నోట ఒక్క మాట రాలేదు.

టై ఆయన సంబరపడ్డాడు. "చూసిన్రా మేడమ్, ఒక్కరు సరిపోతరు. ఇంకొక మనిషి అవసరమే లేదు."

ఇది కొంటే స్టూలు ఖాళీ అవుతుంది. ఎవరికైనా చెప్పుకుంటే నవ్వుతారు, అయినా నిజం అదే. గనులు, పటాలు, ఆఫీసు లాభం ఏదీ నాకప్పుడు తోచలేదు. ఆ గొంతు పోకూడదు అనుకున్నాను.

రెండోది వేరే తీరు. దానికి పలక లేదు. దూరం ఎంత, కోణం ఎంత అని అంకెలు కొట్టాలి. కొడితే తెర మీద గీత తనే పుడుతుంది. మెల్లగా నడుస్తుంది. తప్పు కొడితే గీత ఎటో పోతుంది. అన్న పుస్తకం తెరిచి, నిటారుగా కూర్చుని చదవడం మొదలుపెట్టాడు. నేను టైపు చేసి "ఊఁ" అన్నాను. తెర మీద పచ్చటి గీత కదిలితే చిన్నపిల్లాడిలా ముందుకు వంగాడు.

"అబ్బో, నేను జెప్పినట్టే నడుస్తున్నదక్కా! ఇదివర్దాక మా ఇంట్ల పోరగాండ్లు సుత ఇట్ల నా మాట వినలే."

మూడు పూటలు అలా పనిచేశాం. నవ్వుకున్నాం కూడా. అన్నం గిన్నెలు తివాచీ మీద పెట్టొద్దని అటెండరు కసురుకుంటే బయట మెట్ల మీద కూర్చుని తిన్నాం. ఆ రోజుల్లో నాకు క్వార్టరుకు పోయినా ఏదో చెప్పుకోవడానికి మిగిలి ఉండేది.

ఆఫీసరుకు చెప్పడానికి నాకు సరైన కారణం కావాలి. వెతికితే దొరికింది, అది అబద్ధం కూడా కాదు. మా పాత పటాలు ట్రేసింగ్ గుడ్డ మీద ఉండేవి. మైనం రాసినట్టు మెరిసే పల్చటి గుడ్డ అది. వానాకాలం చెమ్మకు ముడుచుకుంటుంది, ఎండాకాలం సాగుతుంది. దాన్ని పలక మీద పరిచి గీతలు లాగితే, ఆ ముడుచుకున్న తప్పు కూడా కంప్యూటర్లోకి వచ్చేస్తుంది. అంకెలు మాత్రం ఏ వానకూ ముడుచుకోవు. ఒకే పటాన్ని రెండు ప్రోగ్రాంలలో గీసి, రెండింటినీ ఆఫీసరు ముందు పెట్టాను. పలక మీద లాగినదాంట్లో గని దారి ఉన్నదానికంటే పొట్టిగా వచ్చింది. ఆయన స్కేలు పెట్టి స్వయంగా చూసుకున్నాడు.

"అంకెలు కొట్టేదే కొందాం. మంచి పని చేశారు" అన్నాడు. నేను ఆయన గదిలోంచి దాదాపు ఎగురుకుంటూ వచ్చాను. అన్నకు చెబితే, "నువ్వు జూస్తె తప్పువోతదా" అన్నాడు.

కొన్న తర్వాత కొత్త పద్ధతి పెట్టారు. సర్వే వాళ్ల రాత కోడి గీకినట్టు ఉంటుందని, కంప్యూటర్లో తప్పులు పడతాయని, అంకెలన్నీ ముందు నన్ను సాఫు కాగితాల మీద ఎత్తి రాయమన్నారు. రాశాను. నా అక్షరాల సంగతి తెలుసు కదా, అచ్చు వేసినట్టు వచ్చాయి. వాటిని చూసి ఆఫీసరు మెచ్చుకుని, మా వడ్రంగితో ఒక చెక్క స్టాండు చేయించి తెర పక్కన పెట్టించాడు. కాగితం దానికి ఆనించి పెడితే కళ్ల ఎదురుగా నిలబడుతుంది. తల తిప్పే పని లేదు.

"మీకు ఇక ఒకరి మీద ఆధారపడే బాధ లేదమ్మా. హాయిగా ఒక్కరే చేసుకోవచ్చు" అన్నాడు. పాపం, నిజంగా నా మేలు కోరే అన్నాడు. థ్యాంక్స్ చెప్పి వచ్చాను. ఇంకేం చెప్పను, నాకు చెక్క వద్దు, మనిషి కావాలి అని ఆఫీసరుతో అనగలనా?

అన్నను స్టోరుకు వేశారు. బస్టాండ్ పక్కనే గోడౌను. నేను బాధపడుతూ పోయి చెబితే ఆయన మొహం వెలిగిపోయింది.

"మంచిగైందక్కా. బస్సు దిగితె స్టోరే. గీ మెట్లెక్కుడు దిగుడుతోని మోకాలు వాసిపోతుండె. ఆ సల్లగదిల కూసుంటె ఇంక నొస్తుండె."

ఆయన మోకాలు నొస్తోందని నాతో ఎన్నడూ అనలేదు. బర్రె సంగతి చెప్పాడు, బస్సు సంగతి చెప్పాడు, ఇది చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆయన పోయేటప్పుడు తువ్వాల దులుపుకుని, "పోయొస్త" అన్నాడు. అంతే.

తర్వాత ఆ గదిలో నేనూ, స్టాండూ. పని ఆగింది లేదు. పటాలు ఇదివరకటి కంటే తొందరగా వచ్చేవి. పైనుంచి వచ్చినవాళ్లకు నన్ను చూపించి, "మా దగ్గర కంప్యూటర్ మీద గీసే ఆవిడ ఉంది" అని చెప్పేవాళ్లు. వాళ్లు గుమ్మం దగ్గరే చెప్పులతో నిలబడి చూసి పోయేవాళ్లు. ఏసీ మోతకు బయట ఏ మాటా లోపలికి వినిపించేది కాదు. డ్రాయింగ్ గదిలోని ఆ ఇద్దరి నవ్వు కూడా వినబడకపోయేసరికి, ఒక్కోరోజు దాన్ని కూడా తలుచుకునేదాన్ని. అంత దిగజారాను.

కొన్నాళ్లకు నావల్ల కాలేదు. ఒక సాయంత్రం ఒక సాఫు కాగితం మడిచి చేతిలో పట్టుకుని స్టోరుకు పోయాను. అన్న గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నలుగురు మనుషులు ఆయన చుట్టూ చేరి ఏదో చెప్పుకుని నవ్వుతున్నారు. నన్ను చూసి లేచాడు.

"ఏందక్కా, గింత దూరం ఒచ్చినవ్?"

"ఒక అంకె సమజైతలేదన్నా. జర సదివి పెట్టు."

కాగితం అందుకుని వెలుగు వైపు తిప్పాడు. నేను వేలితో చూపించాను. ఆయన అలవాటు ప్రకారం నిటారుగా అయ్యాడు.

"ముప్పై ఏడు పాయింట్ నాలుగు."

"ఊఁ" అన్నాను. ఇంకొకటి కూడా చదువుతాడేమోనని చూశాను. ఆయన చదవలేదు. కాగితాన్ని పైకీ కిందికీ చూసి, నా మొహం చూశాడు.

"గిది నీ రాతే గదక్కా?"

నిజమే, నా రాతే. మొత్తం కాగితం నా చేతి అంకెలే, అచ్చు వేసినట్టు. తొందరలో ఆ సంగతే తట్టలేదు నాకు. నలుగురూ నా వైపు చూస్తున్నారు. ఏదో ఒకటి అనాలి కదా.

"కండ్లు మసక మసకగా కొడుతున్నయన్నా."

ఆయన నవ్వలేదు. నిజంగానే కంగారుపడ్డాడు. "ఆ డబ్బాను పొద్దంత జూస్తె కొట్టవా మల్ల? నిర్లచ్చం జెయ్యకు. దవాఖానకు వోయి సూపిచ్చుకో" అన్నాడు. ఇంతలో కాటారం బస్సు వచ్చింది. కాగితం నా చేతిలో పెట్టి, సంచి తీసుకుని, కుంటుకుంటూ పోయి ఎక్కాడు.

ఆయన అంత చెప్పాడు కదా అని ఆ నెలలోనే వరంగల్ పోయి చూపించుకున్నాను. డాక్టరు గోడ మీది అక్షరాలన్నీ కింది వరస దాకా నాతో పైకి చదివించి, కండ్లు బాగానే ఉన్నాయమ్మా, నీకేమీ లేదు అని పంపించాడు.