అమ్మవారు ఏరు దాటని ఏడు

నేను పుట్టింది సోంపేట దగ్గర, ఉద్దానంలో. కొబ్బరి తోటలు, ఇసక నేల, గాలి తిరిగితే సముద్రం హోరు. పెళ్ళయ్యాక నన్ను ఎడ్లబండి మీద ఎగువకి, మహేంద్రతనయ ఏటి గట్టున ఉన్న పాత కోట ఊరికి తీసుకెళ్ళారు. బండి కోట ద్వారంలోంచి వెళ్ళలేదు. పక్కనే గోడ విరిగి పెద్ద గండి ఉంటే అందులోంచి వెళ్ళింది. కొత్త కోడల్ని ఇలా తీసుకెళ్తున్నారేమిటా అని నేను చూస్తూంటే మా ఆయన అన్నాడు, "కంపెనీవోల్ల పిరంగి కొట్టిన గండి ఇది. ద్వారం కాడ రాల్లు పడిపోనాయి, బండి పట్టదు."

అత్తవారిది ఒకప్పుడు కోట కాపలా వంశం. కాపలాకి ఇచ్చిన మాన్యం భూమి దున్నుకుని బతికేవారు. కాపలా కాయడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. తలుపులు ఎప్పుడో పోయాయి, కందకంలో తుంగ మొలిచింది, రాజుగారి మేడలో గబ్బిలాలు. అయినా మా మావ పొద్దు వాలే వేళకి కర్ర పట్టుకుని వెళ్ళి ద్వారం దగ్గర అరుగు మీద కూర్చునేవాడు. ఆ కోట ఒక్క తరమైనా ఒక్కరి చేతిలో నిలవలేదని చెప్పేవాడు. వేసవిలో ఏరు సన్నబడగానే ఆ గట్టు రాజు దాటి వచ్చేవాడట. రెండు పంటలు పోయాక ఈ గట్టు రాజు మళ్ళీ పట్టుకునేవాడట. తర్వాత నవాబు మనుషులు, పరాసులు అనే ఫ్రెంచివాళ్ళు, చివరికి కంపెనీ.

"ఎవులొచ్చినా ముందల మనోల్నే నరికీవోరు. తరవాత మన్నే కాపలా ఎట్టీవోరు" అనేవాడు. అది చెప్పేటప్పుడు ఆయన గొంతులో బాధ ఉండేది కాదు, గర్వమే ఉండేది.

మా అత్త ఆ గట్టు ఆడపడుచు. ఏటికి అవతల ఒడియా మాట్లాడే పల్లె ఆమెది. ఆ రోజుల్లో ఆ గట్టు పిల్లని ఈ గట్టుకి ఇవ్వడం, ఈ గట్టు పిల్లని ఆ గట్టుకి ఇవ్వడం మామూలే. మాతో ఆమె తెలుగే మాట్లాడేది. పశువులతో, దేవుడితో మాత్రం ఒడియా. మా మరిది ఇంకా పాలు తాగుతున్న రోజుల్లో ఆమె అన్నగారి భార్య పురిట్లో చనిపోయిందట. పసిగుడ్డుని పడవ మీద తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టారు. ఒక రొమ్ము కొడుక్కి, ఒక రొమ్ము మేనల్లుడికి ఇచ్చి పెంచింది. అతను ఆమెను అత్త అనలేదు, అమ్మా అనే పిలిచేవాడు.

నేను కాపరానికి వచ్చేసరికి ఇద్దరూ నూనూగు మీసాల వయసులో ఉన్నారు. నా ఉద్దానం యాసని వెక్కిరించేవారు. మేనల్లుడు ఆ గట్టున తండ్రి దగ్గర ఉంటున్నా వారంలో సగం రోజులు మా ఇంట్లోనే తినేవాడు. పొలం పని ఉంటే అడక్కుండానే దిగేవాడు. ఇద్దరి నవ్వూ ఒకేలా ఉండేది. పెరట్లోంచి వినిపిస్తే ఎవరిదో చెప్పలేకపోయేదాన్ని.

కోటలో అమ్మవారి గుడి ఉంది. ఆ గట్టు రాజు ఒకసారి ఓడిపోయి వెనక్కి పోతూ అమ్మవారిని కదపలేక వదిలి వెళ్ళాడనీ, ఏడాదికోసారి పుట్టింటికి పంపుతామని ఈ గట్టువాళ్ళు మాట ఇచ్చారనీ చెప్పుకునేవారు. చైత్రంలో ఏరు మోకాలిలోతు ఉన్నప్పుడు పల్లకీ బయల్దేరేది. నడుమ దాకా ఈ గట్టువాళ్ళు మోసేవారు. అక్కడ ఆ గట్టువాళ్ళు భుజం మార్చుకునేవారు. పల్లకీ ముందు కొమ్ము మా వైపు మా మరిదిది, వాళ్ళ వైపు మేనల్లుడిది. నీళ్ళలో నిలబడి ఒకరి భుజం మీంచి ఒకరు అందుకుంటూ ఏదో అనుకుని నవ్వుకునేవారు. మా అత్త నెత్తిన ఘటంతో ముందు నడిచేది. ఆ ఒక్క రోజూ ఆమె నడకే వేరుగా ఉండేది. పుట్టింటికి వెళ్తున్నది అమ్మవారో ఆమో తెలిసేది కాదు.

ఆ తర్వాత రాష్ట్రాలు విడదీస్తారన్న మాట వచ్చింది. ఒడియావాళ్ళకి వేరే రాష్ట్రం, ఏ ఊళ్ళో ఏ భాష ఎక్కువైతే ఆ ఊరు అటు అన్నారు. టెక్కలి వైపు నుంచి ప్లీడర్లు వచ్చి మా సంతలో ఉపన్యాసాలిచ్చారు. అవతలి గట్టున కూడా అలాగే ఎవరో వచ్చి ఇస్తున్నారని విన్నాం. దొరలు విచారణకి వస్తున్నారని తెలిసిన రోజు మావ అత్తని పిలిచాడు.

"దొరగోరు అడిగితే తెలుగే మాటాడాల. ఇంట్లో కూడా ఒడియా ఇనపడకూడదు."

"ఆవుతో కూడా మాటాడకూడదేటి?" అంది అత్త.

ఆయన నవ్వలేదు. ఆ రోజు నుంచి ఆమె పశువుల సాల్లోకి వెళ్ళి నోరు మూసుకుని పాలు తీసేది. ఆవు తిరిగి తిరిగి చూసేది.

చైత్రం దగ్గర పడుతూంటే రెండు గట్ల మీదా పుకార్లు పుట్టాయి. ఈసారి అమ్మవారు ఏరు దాటితే ఆ గట్టువాళ్ళు తిరిగి పంపరని మా ఊళ్ళో అన్నారు. అమ్మవారు ఎవరి దగ్గర ఉంటే కోట వాళ్ళదేనని దొరలు రాసుకుంటారట. ఈ గట్టువాళ్ళు మాట తప్పి అమ్మవారిని దాచేస్తున్నారని అవతల అన్నారు. మా పెద్దలు కూర్చుని అసలు పంపవద్దన్నారు. కొందరు ఆచారం తప్పితే అరిష్టమన్నారు. చివరికి ఏటి నడుమ దాకా తీసుకెళ్ళి, అక్కడ పూజ చేయించి, వెనక్కి తెచ్చేద్దామని తేల్చారు. మావ దానికి గట్టిగా తలూపాడు.

ఆ ఉదయం నేను ఆడవాళ్ళతో గట్టు మీద ఉన్నాను. ఎప్పటిలాగే డప్పులు మోగాయి. అటు నుంచీ డప్పులు వచ్చాయి. నడుమ నీళ్ళలో రెండు గుంపులూ ఎదురెదురుగా ఆగాయి. పూజ అయింది. మావాళ్ళు పల్లకీ తిప్పబోయారు. అవతలివాళ్ళు ముందుకొచ్చి కొమ్ము పట్టుకున్నారు. మొదట మాటలు, తర్వాత లాగులాట. మా మరిదీ అత్త మేనల్లుడూ ఒకే కొమ్ము చెరోవైపు పట్టుకుని ఉన్నారు. పల్లకీ పక్కకి ఒరిగింది. కర్రలు లేచాయి. నా చుట్టూ ఆడవాళ్ళు అరుస్తున్నారు. ఆ నీళ్ళ చిందుల్లో ఎవరు ఎవరో పోల్చుకోలేకపోయాను. అత్త ఒక్కతే ఘటం నెత్తిన పట్టుకుని వాళ్ళ పక్కనే రాయిలా నిలబడి ఉంది.

కాసేపటికి గుంపు విడిపోయింది. మా మరిది నీళ్ళలో బోర్లా ఉన్నాడు. కాలు జారాడనుకున్నాం. ఎత్తేసరికి తల వెనక చిట్లి ఉంది. బండి కట్టి మందస ఆసుపత్రికి బయల్దేరారు. బండి గండి దాటకుండానే ప్రాణం పోయింది.

పోలీసులు వచ్చారు. చింతతోపులో బల్ల వేసి ఒక్కొక్కర్నీ పిలిచారు. మా ఊరివాళ్ళందరూ మేనల్లుడే కొట్టాడన్నారు. కానీ ఒకడు కర్రతో అన్నాడు, ఒకడు రాయితో అన్నాడు, అసలు ఆ రోజు ఊళ్ళో లేనివాడు కూడా చూశానన్నాడు. అధికారి విసిగిపోయి, ఆ రోజు ఏట్లో పక్కనే నిలబడ్డ తల్లిని పిలవమన్నాడు.

"నీ కొడుకుని ఎవరు కొట్టారో చూశావా?"

"సూణ్ణేదు" అంది అత్త.

మావ లేచి నిలబడ్డాడు. "సూసింది బాబూ! దాని ఎదరే కొట్టేడు. సెప్పే! నీ కడుపున పుట్టినోడే గదే!"

"సూణ్ణేదు. ఘటం నీల్లు కల్లలో పడ్డాయి."

ఇంకెన్నిసార్లు అడిగినా అదే మాట. కేసు నిలవలేదు. ఆ రోజు తోపులోంచి ఇంటికి వచ్చాక మావ ఆమెతో మాట్లాడటం మానేశాడు. ఆమె వడ్డిస్తే కంచం ముట్టుకోలేదు. చనిపోయేదాకా నా చేతి కూడే తిన్నాడు.

నేను ఉండబట్టలేక ఒకనాడు సాల్లో అడిగాను. "అత్తా, నిజంగా సూణ్ణేదా?"

ఆమె పాలు తీయడం ఆపలేదు. "సూసినాను గుంటా. ఒకడ్ని ఏట్లో పోగొట్టుకున్నాను. రెండోవోడ్ని ఉరికంబానికి నా నోటితోనే అప్పగించమంతావేటి?"

మా ఆయన మొహం, చచ్చిపోయిన మరిది మొహం కళ్ళ ముందు తిరిగాయి. ఆమె చేసింది ఒప్పో తప్పో ఇప్పటికీ నేను తేల్చుకోలేదు. ఈ సంగతి మా ఆయనకి మాత్రం ఎన్నడూ చెప్పలేదు.

మరిది పదకొండో రోజు కర్మ జరుగుతూండగా మేనల్లుడు వచ్చాడు. పట్టపగలు, ఒంటరిగా ఏరు దాటి, సొంత అన్న పోయినట్టు గుండు చేయించుకుని వచ్చి వీధిలో నిలబడ్డాడు. మా ఆయన గునపం అందుకున్నాడు. అత్త పరుగున వెళ్ళి ఇద్దరి నడుమా నిలబడింది. అతను "అమ్మా" అన్నాడు. ఆమె అన్నాళ్ళ తర్వాత నోరు తెరిచి ఒడియాలో మాట్లాడింది. వెళ్ళిపో, ఈ గట్టున నీకు ఎవరూ లేరు అంది. అతను అక్కడే నేల మీద పడి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకి బారువ రేవులో ఓడెక్కి రంగూన్ పోయాడని తెలిసింది.

సరిహద్దు తేలింది. ఏరే హద్దన్నారు. కోట మాకు దక్కిందని మా ఊళ్ళో పానకం పంచారు. మావ తాగలేదు. దక్కిన కోట చూస్తూండగానే కరిగిపోయింది. సంతకి అవతలివాళ్ళు రావడం మానేశారు. వ్యాపారులు రైలు ఉన్న పలాసకి మారిపోయారు. రోడ్డు తూముల కోసం కంట్రాక్టరు కోట రాళ్ళు బళ్ళ మీద తోలించాడు, మిగిలిన మట్టి రైతులు చేలకి ఎత్తుకున్నారు. అవతలి గట్టున వాళ్ళు ఒక రాయి నిలిపి అదే తమ అమ్మవారు, ఠాకురాణి అని కొలుచుకోవడం మొదలెట్టారు. మా అమ్మవారు మళ్ళీ గుడి దాటలేదు.

మావ పోయిన తర్వాతి వేసవిలో అత్త ఒక పొద్దున నాతో అంది, "నన్నోపాలి మా అన్న కాడికి తీసుకెల్తావేటి?"

మా ఆయన మొహం తిప్పుకున్నాడు, వద్దనలేదు. ఆమె చెయ్యి పట్టుకుని ఏరు దాటించాను. అన్నగారు కళ్ళు సరిగా కనిపించని ముసలివాడు, వాకిట్లో నులకమంచం మీద ఉన్నాడు. గొంతు విని లేచాడు. ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు పట్టుకున్నారు. తర్వాత ఆయన ఆత్రంగా ఒడియాలో ఏదో అడిగాడు. ఆమె దగ్గర విని విని ఆ భాష నాకు కాస్త తెలుసు. వాడి కబురేమైనా వచ్చిందా అని అడిగాడు. రంగూన్ నుంచి తనకి ఒక్క ముక్కా రాలేదనీ, పెంచిన తల్లికి తప్పకుండా చెప్పి పంపి ఉంటాడనీ ఇన్నేళ్ళూ అనుకున్నాడట.

అత్త ఆయన చేతులు వదిలేసింది. ఆమె వచ్చింది కూడా అదే అడగడానికి.

వాళ్ళు పెట్టిన అటుకులు ముట్టుకోకుండా తిరిగి వచ్చేశాం. ఆ వానాకాలంలోనే జ్వరం వచ్చి ఆమె చనిపోయింది. ఏరు రెండు గట్లూ ఒరుసుకుని పారుతోంది, పడవ వేయలేదు. చితి ఈ గట్టునే పేర్చారు. అవతల కొంతమంది మనుషులు వానలో నిలబడి ఉండటం కనిపించింది. అందులో ఆమె అన్నగారు ఉన్నారో లేదో అంత దూరం నుంచి నా కంటికి ఆనలేదు.