గులాబీరంగు పంచె

ఈ ఉదయం మనవరాలి ఎర్ర చున్నీ వాషింగ్ మెషీన్లో రంగు వదిలి, మా ఆయన తెల్ల లాల్చీలన్నిటినీ గులాబీరంగుకి తిప్పేసింది. పిల్ల బిక్కమొహం వేసింది. నాకు మాత్రం నవ్వాగలేదు.

ఎవరు లెఫ్టో ఎవరు రైటో ఇప్పుడు టీవీలో గీత గీసి మరీ చూపిస్తారు. మన చిన్నప్పుడు బెజవాడలో ఆ రెండూ ఒకే కప్పు కింద కాపురం చేసేవి, గుర్తుందా? మా పటమట ఇంట్లో బట్టల కొట్టు నడిపే నాన్నగారిది ఖద్దరు పార్టీ, బాబాయిది ఎర్రజెండా. స్వరాజ్యం వచ్చాక పోలీసులు బాబాయి కోసం వెతుకుతుంటే, అమ్మ ఆయన్ని వడ్ల గాదె వెనక దాచింది. నాన్నగారు చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

బాబాయి సంచిలోని జెండా బురద కొట్టుకుపోయిందని అమ్మ దాన్నీ నాన్నగారి పంచెలతోపాటు ఒకే గంగాళంలో నానబెట్టింది. పంచెలన్నీ గులాబీరంగు!

ఉన్నవి అవే. అరుగు మీద ఆ పంచెతో కూర్చున్న నాన్నగారిని ఖద్దరు మిత్రులు పట్టుకున్నారు.

"ఏంటండీ, మీరూ ఎర్రవాళ్ళలో కలిశారా?"

లోపల బియ్యం చెరుగుతున్న అమ్మ చేతిలో చేట ఆగిపోయింది.

"మా పాప పారాణి గిన్నె ఒలకబోసిందండీ," అన్నారు నాన్నగారు. ఆ పాపను నేనే. నేను ఏ గిన్నే ముట్టుకోలేదు. ఆయన అబద్ధమాడగా విన్నది అదొక్కసారే.

వాళ్ళు వెళ్ళగానే నాన్నగారు విసురుగా గాదె దగ్గరికి నడిచారు. బాబాయి పని అయిపోయిందనుకుని నేను అమ్మ కొంగు పట్టుకున్నాను.

"ఒరేయ్, రంగు నిలవని గుడ్డ ఎక్కడ కొన్నార్రా? మన కొట్లో అడిగితే నేనివ్వనట్రా?"