కావాలని కోసిన వల

ఉప్పాడ నుంచి వచ్చిన సీమోనుకి చిరిగిన వల కనబడితే చెయ్యి ఊరుకోదు. పదకొండేళ్ళుగా కువైట్‌లో, ఫహాహీల్‌లో ఒక ఇంటివాళ్ళ కారు నడుపుతున్నాడు. సముద్రం చూసేది సిగ్నల్ దగ్గర ఆగినప్పుడే. అయినా ఆ గుణం పోలేదు.

ఫహాహీల్ ఒకప్పుడు జాలర్ల ఊరు. ఆ సంగతి మరిచిపోకుండా ఏటా చలికాలంలో తీరాన పండగ చేస్తారు. గుడారాలు వేస్తారు, గహ్వా కాఫీ పోస్తారు, పాత పడవనొకదాన్ని కడిగి నిలబెడతారు. సీమోను పనిచేసే ఇంటి పెద్ద బాబాకి ఎనభై దాటాయి. ఏటా ఆయన జనం చూస్తుండగా చిరిగిన వల బాగుచేస్తాడు. ఈ ఏడాది ఆయన చేతులు వణుకుతున్నాయి. "నాన్నవల్ల కాకపోతే వచ్చే ఏడు పాత వీడియో వేసేద్దాం" అని కొడుకు తేల్చేశాడు. అప్పటినుంచి పెద్దాయన టీ గ్లాసుని రెండు చేతులా పట్టుకుని, వణికిందెవరన్నట్టు అందరివంకా చూస్తున్నాడు.

ఇన్నేళ్ళూ పండగనాడు కారు దగ్గరే ఉండిపోయే సీమోను ఈసారి ముందుగా వెళ్ళి వలని గుడారంలో దించాడు. అందులో చాపంత చిరుగు. పక్కనే సూది, దారం. బాబా రావడానికింకా గంట ఉంది. వల కొసని కాలి బొటనవేలికి తగిలించి కూర్చున్నాడు.

అదే ఇంట్లో వంట చేసే కరుణమ్మ అన్నం పట్టుకొచ్చి, చూసి నెత్తి కొట్టుకుంది.

"ఏటన్నియ్యా ఈ పని! బాబా బాగుసెయ్యాలనే కదా పొద్దున్న దాన్ని కత్తిరించారు!"

"మంచి వలని కావాలని కత్తిరిత్తారేటి?"

"కత్తిరిత్తారు. పండగ కదా."

"నాకో మాట సెప్పొద్దా?"

"సెప్తే ఊరుకునే మడిసివేనా?"

అప్పటికి చిరుగులో ఆఖరి కన్ను కూడా అల్లడం అయిపోయింది.

బాబా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. జనం మూగారు. కొడుకు ఫోను పైకెత్తాడు. పెద్దాయన చిరుగు కోసం వలంతా తడిమి, కొత్త ముడుల దగ్గర ఆగాడు.

"ఎవరు?"

"నేనే బాబా. తప్పయిపోయింది" అన్నాడు సీమోను తనకొచ్చిన అరబీలో.

పెద్దాయన ఒక ముడిని గోటితో లాగాడు. "ఇది మా ముడి కాదు. వదులు."

"ఈ ముడితోనే మా అయ్య సొరచేపని లాగాడు బాబా."

"ముసలి సొర అయుంటుంది. యల్లా, కత్తి తే."

బాబా ఆ ముడులన్నీ కోసేశాడు. సీమోను కింద కూర్చుని వలని మళ్ళీ బిగించి పట్టాడు. మొదటి ముడికి పది నిమిషాలు పట్టింది. సూది రెండుసార్లు జారిపడింది. రెండుసార్లూ సీమోను అందివ్వలేదు. పెద్దాయనే వంగి తీసుకున్నాడు. చెయ్యి నొప్పెట్టి కొడుకు ఫోను దించేశాడు. జనంలో కొందరు గహ్వా తాగి తిరిగొచ్చారు.

మూడో ముడి పడ్డాక బాబా, "ఖలాస్, ఈ మూడూ అయ్యాయి. చూసుకో" అన్నాడు.

సీమోను మూడూ లాగి చూశాడు.

"గట్టిగానే ఉన్నాయి బాబా. రెండోది మాత్రం కాస్త వదులు."

కొడుకు వద్దన్నట్టు సీమోనుకి సైగ చేశాడు. పెద్దాయన రెండో ముడిని వెలుతురుకి పెట్టి చూశాడు, విప్పాడు, మళ్ళీ మొదలుపెట్టాడు.

"నాన్నా, వచ్చే ఏడు..." అనబోయాడు కొడుకు.

"తర్వాత మాట్లాడు. పనిలో ఉన్నాం" అన్నాడు బాబా.