ఇంటి ముచ్చట

పంతొమ్మిది వందల అరవైల చివర్లో ఎమ్మే రాజనీతిశాస్త్రం చదవడానికి అనంతపురం నుంచి హైదరాబాద్ వచ్చాను. తార్నాక దగ్గర విశ్వవిద్యాలయం ఆడపిల్లల హాస్టల్లో ఉండేదాన్ని. మా అంతస్తు ఊడ్చి, పొద్దున్నే బకెట్లతో వేడినీళ్లు తెచ్చిపెట్టే ఆయమ్మ నాకంటే పదిహేనేళ్లు పెద్దది. నల్గొండ పక్క పల్లె నుంచి వచ్చింది. హాస్టల్ వెనక వరసగా కట్టిన ఒంటిగది క్వార్టర్లలో భర్తతో ఉండేది. పిల్లల్లేరు. నా యాస విని ఆమె నవ్వేది. ఆమె మాటల్ని నేను రెండుసార్లు అడిగి అర్థం చేసుకునేదాన్ని.

ఒకరోజు ఆయమ్మ రాలేదు. మర్నాడు వచ్చింది. ఎడమకన్ను వాచి మూసుకుపోయింది. కుడిచెయ్యి భుజం దాటి లేవడం లేదు.

"ఎవరు కొట్నారు ఆయమ్మా?"

"ఇంకెవలు? మా ఆయన. ఇయ్యాల కొత్తనా?" అంది. బకెట్ కింద పెట్టి నా బల్ల మీది పుస్తకాల వైపు చూసింది. "నువ్వు సర్కారు గురించే చదువుతవంట కదా. సర్కారుకు ఒక కాయితం రాసియ్యి బిడ్డా. ఇగ నాతోని అయితలేదు."

ప్రాథమిక హక్కులు నేను వరసగా అప్పజెప్పగలను. అర్జీ ఎవరికి రాయాలో మాత్రం తెలియలేదు. రెండు కాగితాలు చించేసి, చివరికి పోలీసు ఠాణాకే రాశాను. 'నా భర్త' అని మొదలుపెడితే ఆమె ఆపింది.

"ముందుగాల దెబ్బలు రాయి. ఆయన ఎవలో ఎనక రాద్దువు."

ఇద్దరం నడిచి వెళ్లాం. అక్కడి ఎస్సైని అందరూ అమీన్ సాబ్ అనేవాళ్లు. మర్యాదస్తుడే. నాకు కుర్చీ చూపించాడు. ఆయమ్మ నిలబడే ఉంది కాబట్టి నేనూ కూర్చోలేదు. అర్జీ మొత్తం చదివాడు.

"రాత ముత్యాల్లెక్క ఉన్నదమ్మా. కానీ ఇది ఇంటి ముచ్చట. మొగుడు పెండ్లాల నడుమ సర్కారు ఎట్ల వస్తది? బొక్క గిట్ల విరిగితే వేరే సంగతి. అప్పుడు రాండ్రి, రాసుకుంట."

"విరిగేదాక ఆగాల్నా సారూ?" అని ఆయమ్మ అడిగింది. గొంతులో కోపం లేదు. బస్సు ఎన్నింటికని అడిగినట్టు అడిగింది. ఆయన కాగితం మడిచి నా చేతికిచ్చాడు.

హాస్టల్‌కు తిరిగొచ్చి వార్డెన్‌కు చెప్పాను. ఆవిడ అంతా విని, "ఆ క్వార్టర్ ఎవరి పేరు మీదుంది?" అని ఒక్కమాట అడిగింది. అప్పటిదాకా మాకది తట్టనే లేదు. విశ్వవిద్యాలయం ఉద్యోగి ఆయమ్మే. భర్త ముషీరాబాద్‌లో ఒక కట్టెల అడితిలో పనిచేసేవాడు. ఇల్లు ఆమెకిచ్చిన ఇల్లు.

ఆ సాయంత్రం వార్డెన్ ఇద్దరు వాచ్‌మన్లను వెంటబెట్టుకుని క్వార్టర్ దగ్గరికి వెళ్లింది. నేనూ వెళ్లాను. అతను గుమ్మంలో కూర్చుని పల్లీలు ఒలుచుకుంటున్నాడు. ఎంతో భయంకరమైన మనిషిని ఊహించుకున్నాను. చూస్తే సన్నగా, దగ్గుతూ, రోజూ బస్సులో కనిపించే ఎవరిలాగో ఉన్నాడు.

"నా పెండ్లాం, నా ఇల్లు. నడుమ మీకేంది?" అన్నాడు.

"నీ ఇల్లు కాదు నాయనా. విశ్వవిద్యాలయం ఈమెకిచ్చింది. ఈమె ఉండమంటేనే నువ్వు ఉండాల," అంది వార్డెన్.

అతను ఆయమ్మ వైపు తిరిగాడు. ఆమె తల దించలేదు. "పో," అంది. అతను బట్టలు మూటగట్టుకుని ముషీరాబాద్‌లో తమ్ముడింటికి వెళ్లిపోయాడు.

నెలన్నర గడిచింది. ఆయమ్మ చెయ్యి నయమైంది. ఒకనాడు తార్నాక చౌరస్తాలో ఆమె కూరగాయలు కొంటుంటే అతను వెనక నుంచి వచ్చి చెంప మీద కొట్టాడు. నలుగురూ పట్టుకుని అదే ఠాణాకు తీసుకెళ్లారు. ఈసారి అమీన్ సాబ్ వెంటనే రాసుకున్నాడు. నడివీధిలో గొడవ మరి. అతన్ని ఒకరోజు లోపల ఉంచి, ఆమె జోలికి వెళ్లనని రాయించుకుని వదిలాడు. ఆ తర్వాత అతను క్యాంపస్ వైపు రాలేదు.

అతన్ని వదిలిన మర్నాడు నీళ్లు తెచ్చినప్పుడు ఆయమ్మ సంతోషంగా ఉంటుందనుకున్నాను. ఆలోచనలో ఉంది.

"గదే చెయ్యి, గదే చెంప. ఇంట్ల కొడితే ఇంటి ముచ్చట, బజార్ల కొడితే సర్కారు ముచ్చట. గట్లెందుకు అయితదమ్మా?"

ఆ మాటే క్లాసులో మా ప్రొఫెసర్‌ని అడిగాను. కుటుంబ విషయాల్లో రాజ్యం జోక్యానికి హద్దులుండాలని మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయాడు. "ఆ హద్దు ఎవరు గీశారో నేనూ ఎప్పుడూ ఆలోచించలేదమ్మా," అన్నాడు.

ఆ వేసవి సెలవులకు అనంతపురం వెళ్లాను. మా పక్కింటి పిన్ని ఏడుపు చిన్నప్పటి నుంచీ గోడ అవతల వింటూనే ఉన్నాను. అలాంటప్పుడు అమ్మ రేడియో గొంతు పెంచేది. నేను పుస్తకం చదువుకునేదాన్ని. ఆ మధ్యాహ్నం మళ్లీ వినిపించింది. లేచాను.

"మనకెందుకే వాళ్లింటి గొడవ," అని అమ్మ చెయ్యి పట్టుకుంది. విడిపించుకుని వెళ్లి తలుపు కొట్టాను. చిన్నాయన తలుపు తీశాడు.

"ఏం పాపా?"

"పిన్నిని చూసిపోదామని వచ్చినా."

ఆయన నన్ను చూశాడు, వీధిలోకి చూశాడు. చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు. పిన్ని వంటింటి మూల కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను. కాసేపటికి గుమ్మంలో అలికిడైతే తల తిప్పి చూశాను. అమ్మ, మంచినీళ్ల చెంబుతో.