వెర్డా చెవి మీద నల్ల క్రేయాను

వెర్డా స్కాగ్స్ మా కసీనోలో కీనో చీటీలు మోసేది. నెవాడాలో గనులు మూతబడ్డ ఊరు మాది. ముసలివాళ్లు పొద్దున్నే కాఫీ హాల్లోకి వచ్చి చలి తగ్గేదాకా కూర్చునేవారు. కీనో అనే ఆ అంకెల జూదానికి కుర్చీలోంచి లేవక్కర్లేదు. ఒకటి నుంచి ఎనభై దాకా అంకెలున్న కాగితం మీద నచ్చినవాటిని నల్ల మైనపు క్రేయానుతో కొట్టి, డబ్బుతో సహా వెర్డాకిస్తే చాలు. ఆమె కౌంటర్లో నాకు ఇచ్చేది, నేను నకలు రాసిచ్చేవాణ్ణి. గాలికి ఎగిరే అంకెల బంతుల్లోంచి ఇరవై బయటపడేవి. ఆ అంకెలు గోడమీది బోర్డులో వెలిగేవి. తగిలినవాళ్లు తర్వాతి ఆట మొదలయ్యేలోపు నకలు తెచ్చి చూపించాలి. ఆ తర్వాత అది చిత్తుకాగితమే.

చీటీలు మోసేవాళ్లు కూర్చోకూడదన్నది యాజమాన్యం నియమం. వెర్డా పాదాలు వాచి, బూట్ల పక్కలు బ్లేడుతో కోసుకుని తిరిగేది. చెవి మీద ఎప్పుడూ ఒక క్రేయాను ఉండేది.

ఆమె చూసుకునే బల్లల్లో కిటికీ పక్కది బెన్యాట్‌ది. స్పెయిన్ కొండల వైపు బాస్కు జాతి మనిషి. వయసులో ఉండగా వచ్చి, కొండల్లో ఊరివాళ్ల గొర్రెలు కాస్తూనే ముసలివాడయ్యాడు. పెళ్లి లేదు, ఇక్కడ నా అన్నవాళ్లు లేరు. రోజూ అవే ఎనిమిది అంకెలు కొట్టేవాడు.

“మళ్లీ అవేనా పెద్దాయనా? ఎనభై ఉన్నాయి, కాస్త పక్కవాటి మొహం కూడా చూడొచ్చుగా.”

“వీటికి నా మీద కోపం తీరనీ అమ్మాయ్. తగిలిన రోజు నా సమాధికి రాయి కొంటా. పేరు చెక్కిస్తా.”

“అంత పొడుగు ఇంటిపేరు చెక్కేలోపు ఆ చెక్కేవాడు పోతాడు.”

“అక్షరానికింతని తీసుకుంటాడట దొంగ వెధవ. అందుకే గట్టిగా తగలాలి.”

నవ్వేవాడు గాని ఆయన భయం మా అందరికీ తెలుసు. దిక్కులేనివాళ్లను కౌంటీ, అంటే జిల్లా సర్కారు వాళ్లు శ్మశానం చివర పాతిపెడతారు. అక్కడ పేర్లుండవు, సిమెంటు దిమ్మ మీద ఒక అంకె ఉంటుంది. బెన్యాట్ తోటి కాపరులు ఇద్దరు అలాగే పడి ఉన్నారు.

“బతికినన్నాళ్లూ గొర్రెల్ని లెక్కపెట్టాను. చచ్చాక నన్నెవరూ లెక్కపెట్టకూడదు” అనేవాడు.

ఒక మధ్యాహ్నం మంచు పడుతోంది. బెన్యాట్ బీన్స్ సూపు తాగి, చీటీ నకలు గుప్పిట్లో పెట్టుకుని, గడ్డం గుండెకానించి ఉన్నాడు. హాల్లో నిద్రపోతే కాపలావాడు లేపి బయటికి పంపేస్తాడు. అందుకని కునుకుపడిన ముసలివాళ్ల ముందు వెర్డా వేడి కాఫీ పెట్టి, వాళ్ల చెయ్యి కప్పుకి ఆనించి వెళ్లేది, మెలకువగా ఉన్నట్టు కనబడాలని. ఆ రోజూ అలాగే చేసింది. మొహంలోకి చూడలేదు.

బోర్డు వెలిగింది. బెన్యాట్ ఎనిమిదిలో ఏడు తగిలాయి. వెర్డా పరుగున వెళ్లి ఆయన భుజం పట్టుకు కుదిపింది. చెవి దగ్గర ఏదో అంది. నిటారుగా నిలబడి నా వైపు చూసింది. తర్వాతి ఆటకి మైకు అప్పటికే పిలుస్తోంది. ఆమె వంగి, ఆయన వేళ్లు ఒక్కొక్కటీ విప్పింది.

“పెద్దాయన కునుకు తీస్తున్నాడు. తొందరగా ఇవ్వు” అంది కౌంటర్ దగ్గర. నకలు నా ముందు పెట్టింది. ఆట మొదలవకముందే డబ్బు లెక్కపెట్టి ఇచ్చాను.

పెద్ద మొత్తం తగిలితే మేనేజరు స్వయంగా వెళ్లి చెయ్యి కలపాలి. మా మేనేజరు క్రౌచ్ నవ్వుతూ కిటికీ దగ్గరికి వెళ్లాడు. వెనక్కి తిరిగి వచ్చినప్పుడు నవ్వు లేదు.

“శవం చేతిలోంచి లాక్కొచ్చావా?”

“నాక్కాదండీ. రాయికి.”

“ఏ రాయి?”

“ఆయన పేరు రాయి. రోజూ చెప్పేవాడు, ఎవర్నైనా అడగండి.”

“ఆయన్నే అడగనా?” అన్నాడు క్రౌచ్. వెనకెవరో కిసుక్కున నవ్వారు.

డబ్బు ఆమె చేతిలోంచి తీసుకుని కౌంటీకి అప్పజెప్పారు. ఉద్యోగం ఆ పూటే పోయింది. వెర్డా కౌంటీ ఆఫీసుకి వెళ్లి రాయి సంగతి చెప్పింది. చనిపోయినాయన రాసిచ్చింది ఏమైనా ఉందా అని అడిగారు. నోటిమాట చెల్లదమ్మా, వారసులెవరో వెతకాలి, అప్పటిదాకా ముట్టుకోం అన్నారు. వారసులు దొరికినట్టు నేనైతే వినలేదు. శవాన్ని ఆ చివరి మూలలోనే పాతిపెట్టారు. దిమ్మ మీద పడ్డ అంకె ఎనభై దాటింది, కీనో కాగితంలో లేని అంకె.

మిగిలిన జీవితమంతా వెర్డా ఒక మోటెల్లో దుప్పట్లు ఉతికింది. ఊళ్లో ఆమెకు మిగిలిన పేరు ఒక్కటే, శవం వేళ్లు విరిచిన మనిషి. కిరాణా కొట్లో చిల్లర ఆమె అరచేతిలో పెట్టకుండా బల్ల మీద పెట్టేవారు.

ఒకసారి మా అన్న సమాధి చూడటానికి వెళ్లినప్పుడు, ఆ చివర మోకాళ్ల మీద ఉన్న వెర్డా కనిపించింది. దిమ్మ మీది అంకె కనబడకుండా నల్ల క్రేయానుతో బెన్యాట్ పేరు దిద్దుతోంది.

“వానకి పోదు” అంది తలెత్తకుండా. “ఎండకే కరుగుతుంది. వేసవి పోయాక మళ్లీ రావాలి.”

“ఇంకెన్నాళ్లు?”

“మోకాళ్లు వంగినన్నాళ్లు.”

వెర్డా పోయి రెండు వేసవులైంది. కసీనోలో ఇప్పుడు అన్నీ యంత్రాలే, వేలితో తాకితే అంకె వెలుగుతుంది. క్రేయాను కోసం చిన్నపిల్లల బొమ్మల కొట్టుకి వెళ్లాల్సి వచ్చింది. శ్మశానానికి తీసుకెళ్లాను గాని నా మోకాళ్లు వంగలేదు. నిలబడే చూశాను. పేరులో మొదటి రెండక్షరాలు మసగ్గా మిగిలాయి. కింద అంకె స్పష్టంగా ఉంది.